మక్కపాములాయన

మొన్న బోధన్ బస్టాండు పక్కన హోటల్లో చాయ్ తాగుతుంటే వెనక బల్ల మీద ఎవరో అంటున్నారు. "మక్కపాములాయన పోయిండట. ఆయితారం నాడు మట్టి చేసిండ్రట." చాయ్ సగం మిగిలింది. తాగబుద్ధి కాలేదు. డబ్బులిచ్చి బయటికొచ్చి కాసేపు ఎండలో నిలబడ్డాను.

ఒకప్పుడైతే ఈ కబురు నాకు హోటల్లో తెలియాల్సిన పని లేదు. బరఫ్ డిపో నడిపినవాణ్ని. ఊళ్లో ఎవరు కన్నుమూసినా చుట్టాలకంటే ముందు నాకే తెలిసేది. దూరం నుంచి రావాల్సినవాళ్లు వచ్చేదాకా శవం కింద బరఫ్ గడ్డలు పెట్టాలి కదా. ఎండాకాలం పెళ్లిళ్లకూ నా గడ్డలే, చావులకూ నా గడ్డలే. ఇంటింటికీ ఫ్రిజ్‌లు వచ్చాక డిపో మూసేశాను. అరచేతుల తిమ్మిరి మాత్రం నాతోనే ఉండిపోయింది. ఇప్పుడు ఎవరు పోయినా అందరితోపాటే, అందరి తర్వాతే నాకు తెలుస్తుంది. దానికీ అలవాటు పడ్డాను.

మక్కపాములాయన సొంతూరు మెండోర వైపు. పెళ్లయ్యాక బోధన్‌లో మా డిపో వెనక గల్లీలో అద్దెకు దిగారు. భార్య బీడీలు చుట్టేది. ఆయన బహ్రెయిన్ వెళ్లి చాలా ఏళ్లు ఉండి వచ్చాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు టేప్ రికార్డర్లు, కంబళ్లు, సెంటు సీసాలు తెస్తారు. ఈయన రెండు పాముల్ని తెచ్చాడు.

ఎట్లా తెచ్చావని ఊరంతా అడిగింది. దిండు గలీబులో వేసి, మూతి కట్టి, చేతిసంచిలో బట్టల మధ్య పెట్టుకున్నాడట. ఎవరూ ఆపలేదా అని నేనూ అడిగాను.

"నన్నెవడు సూస్తడన్నా," అన్నాడు. "నా మొఖం సూస్తె ఎవ్వనికైన పోనియ్యాలనే అనిపిస్తది."

అది నిజమే. ఆయన మొహంలో ఎప్పుడూ ఒక అలసట ఉండేది. పొద్దున్నే స్నానం చేసి తల దువ్వుకుని వచ్చినా అప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టు కనిపించేవాడు. మాట కూడా అంతే. దేనికీ తొందర లేదు. "నిమ్మలంగ, అన్నా, నిమ్మలంగ" అనేది ఆయన ఊతపదం. నేను హమాలీల మీద అరుస్తుంటే పక్కన కూర్చుని అదే అనేవాడు. నాకు ఇంకా కోపం వచ్చేది.

బహ్రెయిన్‌లో ఒక ఇంగ్లీషు డాక్టరు ఇంట్లో తోటపని చేశాడు. ఆ ఇంటి పిల్లలు పెంచుకునే పాములను చూసుకోవడం కూడా ఆయన పనే. డాక్టరు కుటుంబం వాళ్ల దేశానికి వెళ్లిపోతూ వీటిని తీసుకుపోలేమంది. ఏం చేస్తారని ఈయన అడిగితే, సూదిమందు ఇచ్చి నిద్రపుచ్చుతామన్నారట. అది విని, నేను తీసుకుపోతానన్నాడు. అంతే, పాములు బోధన్‌కు వచ్చిపడ్డాయి.

వాటిని ఇంగ్లీషులో కార్న్ స్నేక్ అంటారని ఆయనే చెప్పాడు. కార్న్ అంటే మక్కలే కదా అని గల్లీ వాళ్లు మక్కపాము చేసేశారు. నారింజ రంగు ఒళ్లు, దాని మీద ఎర్రటి మచ్చలు. ఒకటి ఆడది, ఒకటి మగది, వేరువేరు డబ్బాల్లో ఉండేవి. విషం లేదు. ఎవరైనా వస్తే తిప్పి కడుపు చూపించేవాడు. తెల్లగళ్లు, నల్లగళ్లు పక్కపక్కన ఉండేవి. పేరు విన్నాక ఏర్గట్ల నుంచి ఆయన మేనత్త ఒకావిడ సంచినిండా లేత మక్కకంకులు పట్టుకొచ్చింది. పాపం, ఒలిచి గింజలు కూడా పళ్లెంలో పోసి డబ్బా ముందు పెట్టింది.

"ఇది మక్కలు తినదత్తా," అన్నాడు ఈయన. "గా దేశంల మక్కల గాదెల కాడ ఎలుకల కోసం తిరుగుతదట. అందుకని గా పేరు."

"మక్కలు తిననిదానికి మక్కపామని పేరెందుకు పెట్టిన్రురా? అబద్ధపు పేరు," అని ఆమె కంకులన్నీ కాల్చి గల్లీ పిల్లలకు పంచింది.

ఆ పాములు తినేది ఎలుకల్ని. అసలు గొడవంతా అక్కడే.

చెరుకు తోటల మధ్య ఉన్న ఊరు మాది. ఎలుకలకు కరువా? తోట నరికితే చాలు, గుంపులు గుంపులుగా పరుగెత్తేవి. ఆయన ఇంట్లోనైతే మరీ ఎక్కువ. భార్య నానబెట్టిన తునికాకును కొరికి పారేసేవి. ఆకు చెడిపోతే బీడీల కార్ఖానాలో ఆమె మాట పడాలి. ఇంట్లో రెండు పాములున్నాయి, ఇంటినిండా ఎలుకలున్నాయి. ఎవరికైనా ఏం తోస్తుంది? ఆమెకూ అదే తోచింది. బోనులో పడిన ఎలుకను పట్టుకుని పాము డబ్బాలో వెయ్యమనేది. ఆయన వెయ్యడు. మూలన రేకు డబ్బాలో తెల్ల ఎలుకలను పెంచి, తినేంత పెద్దయ్యాక తోక పట్టుకుని మెడ దగ్గర ఒక్క నొక్కు నొక్కి చంపి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి బరఫ్‌లో పెట్టేవాడు. పాముకు ఆకలైన రోజు తీసి, కరిగించి, వేడినీళ్లలో ముంచి, మణికట్టు లోపలివైపు ఆనించి వేడి చూసుకునేవాడు. పసిపిల్లకు పాలు పట్టే తల్లి చూసినట్టే చూసేవాడు.

ఆ బరఫ్ కోసమే ఆయన నాకు దగ్గరయ్యాడు. అంతకుముందు చికెన్ దుకాణం భాయ్‌ని అడిగాడట, ఫ్రిజ్‌లో ఒక మూల ఇమ్మని. భాయ్ మంచివాడే. విన్నాడు, గడ్డం గోక్కున్నాడు, చేతులెత్తేశాడు. "ముర్దార్ భాయ్ అది. నేను కోసి అమ్మేటోన్ని. దానంతట సచ్చింది, గొంతు నొక్కి చంపింది నా ఫ్రిజ్‌ల పెడ్తె నా మాలు ఎవడు కొంటడు? బతికున్నదాన్ని పెట్టు నీ పాముకు, ఏం నష్టం?" అన్నాడట. భాయ్ అన్నది న్యాయమేనని చెప్పి ఈయన దండం పెట్టి వచ్చేశాడు. ఆ తర్వాత నా డిపో ముందుకొచ్చి, దస్తీతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. చేతులు తడిగా లేకున్నా తుడుచుకోవడం ఆయన అలవాటు.

"ఏంది తమ్మీ, గడ్డ కావాల్నా?"

"గడ్డ కాదన్నా. జెర జాగ కావాలె."

విషయం విని నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నా బరఫ్ షర్బత్ బండ్లకు పోతుంది, జనం తాగుతారు. ఎలుకల సంగతి తెలిస్తే నా డిపో ముందు కుక్క కూడా ఆగదు. అదే చెప్పాను. ఆయన వాదించలేదు. "నిజమే అన్నా" అని ఊక బస్తా మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూడలేక, కుల్ఫీ బండివాడు వదిలేసిన ఒక పాత పెట్టె వెనక షెడ్డులో ఉంటే అది తీసిచ్చాను. ఉప్పు కలిపిన బరఫ్ వేస్తే లోపలిది గట్టిగా గడ్డకడుతుంది. విడిగా ఉంచుకో, ఎవరికీ చెప్పకు, వాసనొస్తే పెట్టెతో సహా బయట పారేస్తా అన్నాను. అన్నిటికీ తలూపాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే వచ్చి ఉప్పు, బరఫ్ మార్చుకుని, నా దగ్గర కాసేపు కూర్చుని పోయేవాడు.

ఒకసారి తినిపించేటప్పుడు చూద్దామని వాళ్లింటికి పోయాను. పట్కారుతో చచ్చిన ఎలుక వీపు పట్టుకుని డబ్బాలోకి దించాడు. కదలని దాన్ని పాము పట్టించుకోదు కదా. ఈయన దాన్ని ఆడించడం మొదలుపెట్టాడు. రెండడుగులు నడిపించాడు, ఆపాడు, తల అటూ ఇటూ తిప్పించాడు, భయపడి వెనక్కి తగ్గినట్టు చేశాడు. ఆడపాము తల ఎత్తింది. నాలుక ఆడించింది. ఒక్క దూకుతో పట్టేసింది. చచ్చిన ఎలుకతో అంత నాటకం ఆడినవాణ్ని నేను ఇంకెక్కడా చూడలేదు. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు, చెమటలు పట్టి ఉన్నాడు.

గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న భార్య తలెత్తకుండానే అంది. "సూసినవా అన్నా, మీ తమ్ముని కథ. సంపేది ఈయననే. సంపినంక మల్ల బతికిచ్చి నడిపిస్తడు. గా పని పాము సేస్తె ఏం పాపం?"

"నేను చేస్తె కండ్లు మూసి తెరిసేంతల అయిపోతది," అన్నాడు ఆయన.

"పాము చేస్తె?"

అప్పుడు చెప్పలేదు. మరుసటి రోజు ఊక బస్తా మీద కూర్చున్నప్పుడు చెప్పాడు. బహ్రెయిన్‌లో చేరిన కొత్తలో డాక్టరు ఊళ్లో లేని ఒక రోజు, తెలియక బతికున్న చిట్టెలుకను డబ్బాలో వేశాడట. పాముకు ఆకలి లేదు. ముట్టుకోలేదు. ఎలుక కాసేపు గోడలు గీరింది, ఎగిరింది. దారి లేదని తెలిసి ఒక మూలకు పోయి కూర్చుంది.

"కూసొని మొఖం కడుక్కున్నదన్నా. ముందటి కాళ్లతోని. మనం పొద్దుగాల కడుక్కున్నట్టు. గా పాము మూతి జానెడు దూరంల ఉన్నది. గిది మీసాలు తుడుసుకుంటున్నది."

"మరి?"

"తీసేసిన. తోటల ఇడిసిపెట్టిన. గప్పటికి నాకూ గట్లనే ఉండె. ఏజెంటు చెప్పిన పని ఒకటి, గాడ పని ఒకటి. పాస్‌పోర్టు వాళ్ల తాననే ఉండె. రూముల కూసుంటుంటి, ఎవరు పిలుస్తరో, ఏం చేస్తరో తెల్వకుండ. నేను గూడ పొద్దుగాల లేసి మొఖం కడుక్కుంటుంటి."

  ఎదుటి మనిషి బాధ చెప్పుకుంటే నాకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. లేచి గడ్డల మీద ఊక సర్దాను.

తర్వాత వచ్చిన ఒక ఎండాకాలం అందర్నీ తినేసింది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. బరఫ్ ఫ్యాక్టరీలో మోటారు కాలింది. నిజామాబాద్ నుంచి తెప్పిద్దామంటే అక్కడా అదే తంతు. వచ్చిన లారీలో గడ్డల కంటే నీళ్లే ఎక్కువ. నా వ్యాపారమే మునిగితే ఆయన ఎలుకలెక్కడ నిలుస్తాయి? ఉప్పు పెట్టెలో ఎలుకలు కరిగాయి, మళ్లీ గట్టిపడ్డాయి, మళ్లీ కరిగాయి. ఆయన వాసన చూసి బాగానే ఉందనుకుని ఆడపాముకు పెట్టాడు. అది మింగింది. రెండో రోజు కక్కేసింది. ఆ తర్వాత మూతి దగ్గరికి ఏది తెచ్చినా తల తిప్పుకోవడమే. మగపాము మాత్రం ఆకలికి తట్టుకుంది.

రేకు డబ్బాలో ఉన్న తెల్ల ఎలుకలు వడగాలికి చచ్చిపోయాయి. పాము డబ్బా చుట్టూ మాత్రం నా దగ్గరి గోనెపట్టాలు తీసుకెళ్లి తడిపి కట్టేవాడు. రోజూ వచ్చేవాడు. పెట్టెలో వేసుకోవడానికేం లేకపోయినా వచ్చేవాడు. "ఎట్లున్నది?" అంటే, "ఈపు తేలింది అన్నా" అనేవాడు. వెన్నెముక ఒంటి మీద గీతలా కనబడుతోందని అర్థం. తనూ అట్లాగే అయ్యాడు. సరిగ్గా తినేవాడు కాదు.

చెప్పనివాళ్లు లేరు. భాయ్ చెప్పాడు, హమాలీలు చెప్పారు, నేనూ చెప్పాను. "తమ్మీ, అది పాము. పుట్టింది గందుకే. కదిలేది కనబడ్తె దాని ఆకలి అదే లేస్తది. ఒక్కసారి బతికున్నదాన్ని వెయ్యి. పాము బతకాల్నా వద్దా?"

"బతకాలె."

"మరి?"

"నాతోని కాదన్నా," అన్నాడు. నా వంక చూడకుండా బరఫ్ నీళ్లు కాలువలోకి పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. పాము చస్తే ఈయన ఏమవుతాడో అని నాకు నిజంగా భయమేసింది. విసుగు కూడా వచ్చింది. ఒక ఎలుక ప్రాణం కోసం ఇంత ఆలోచించే మనిషితో పడటం సులువు కాదు.

ఒక రోజు రాలేదు. మరునాడు వచ్చాడు. ఊక బస్తా మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

"ఏసిన అన్నా."

"ఏంది?"

"బతికున్నదాన్నే ఏసిన. బోన్ల పడ్డ పెద్దెలుకను. పాముకు తాకత్ లేకుండె. గా ఎలుకనే పామును కొరికింది. ఈపంత కొరికింది. సచ్చిపోయింది."

నేనే చెప్పానుగా వెయ్యమని.  ఆకలితో నీరసించిన పామును ఎలుక తిరగబడి కొరుకుతుందని నేనెన్నడూ వినలేదు. బతికున్న ఎలుకను వేసి వదిలేస్తే అట్లా జరుగుతుందని డాక్టరు తనకెప్పుడో చెప్పాడని, అందుకే అక్కడ బరఫ్‌లో పెట్టినవే వాడేవారని అప్పుడు చెప్పాడు. తెలిసి కూడా ఎందుకేశావు మరి అని అడిగాను. దస్తీతో చేతులు తుడుచుకున్నాడు. "ఏసిన. అయిపోయింది," అన్నాడు.

ఊరికి ఇంతకంటే మంచి తమాషా ఏముంటుంది? పామును ఎలుక తిన్నదట అని హోటల్లో నవ్వులు. ఇన్నాళ్లు నీతులు చెప్పి చివరికి తనే వేశాడు చూడు అని ఇంకొకడు. ఆయన ముందే అనేవాళ్లు. "ఏందే, ఎలుకలకు పాముల్ని మేపుతున్నవట?" ఆయన తలొంచుకుని చాయ్ తాగేవాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఏళ్లు గడిచినా ఆ వెక్కిరింత పోలేదు, కొత్తగా వచ్చినవాళ్లకు కూడా చెప్పి చూపించేవాళ్లు. వేసినవాడు పడాలి కదా అని నేనూ అనుకున్నాను.

మిగిలిన మగపామును మాత్రం మళ్లీ పాత పద్ధతిలోనే పెంచాడు. తర్వాత ఇంట్లోకి సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ వచ్చింది. నాతో పని తీరింది. నా డిపో మూతపడింది. ఎప్పుడైనా దారిలో కలిస్తే నిలబడి రెండు మాటలు మాట్లాడుకునేవాళ్లం. మోకాళ్ల సంగతి, షుగర్ సంగతి. అంతే.

హోటల్ నుంచి తిన్నగా వాళ్లింటికి పోయాను. ఇంట్లో చుట్టాలు వెళ్లిపోయారు. ఆమె ఒక్కతే ఉంది. చాట గోడకు ఆనించి ఉంది, ఆ రోజు బీడీలు చుట్టడం లేదు. నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపయ్యాక నీళ్లిచ్చింది. ఎట్లా జరిగిందని అడిగాను. కడుపు నొప్పి అన్నాడట, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. మూలన డబ్బాలో ఆ మగపాము చుట్టచుట్టుకుని ఉంది. ముసలిదైంది, రంగు వెలిసింది.

"ఇది తింటలేదన్నా. ఆయన పోయినకాడికెల్లి ముట్టలే," అంది. "ఇంటి పక్కోల్లు బతికున్నదాన్ని ఏస్తె తింటది అంటున్నరు."

"వద్దు చెల్లే," అన్నాను. "ఆనాడు తమ్ముడు ఏసి ఏమైంది, మర్చిపోయినవా?"

ఆమె నా మొహంలోకి అదోలా చూసింది.

"ఆయన ఏసిండా? నీకు గట్లనే చెప్పిండా?"

"నా ముందట నిలబడి చెప్పిండు."

"ఏసింది నేనన్నా."

నేను నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"ఆయన గా దినం ఊర్లెనే లేడు. తెల్ల ఎలుకలు దొరుకుతయేమో అని నిజామాబాద్ పోయిండు. నాలుగు దినాలాయె ఆయన ముద్ద మింగక. పాము సస్తె ఈయన గూడ సస్తడని భయమైంది నాకు. తునికాకు గంపల బోను పెట్టిన, ఎలుక పడ్డది. ఏసిన. మూత పెట్టిన. సూడలేక కార్ఖానకు పోయిన. ఆయనొచ్చేసరికి పాము తిని పండుకుంటది, సూసి సంబురపడ్తడు, గప్పుడన్న అన్నం తింటడు అనుకున్న. వచ్చి సూస్తె ఏమున్నది."

"ఏమన్నడు?"

"ఏమన్లే. డబ్బా కడిగిండు. పెరట్ల గుంత తవ్విండు. 'ఎవరన్న అడిగితె నేనేసిన్నని చెప్పు' అన్నడు. గంతే. నేను తెల్లారి హోటల్ కాడ నవ్వుడు ఇన్న. ఒద్దు, నేను చెప్త అంటె ఇనలే. గన్నేండ్లు ఆయన్ను ఊరంత అన్నది. నన్ను ఆయన ఒక్క మాట అన్లే అన్నా. కోపంల గూడ అన్లే. ఒక్కసారన్న తిడితె బాగుండు."

అప్పుడు ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. హోటల్లో ఆయన తలొంచుకుని కూర్చున్నప్పుడు నేను అనుకున్నదంతా ఒక్కసారిగా గుర్తొచ్చి చాలా కష్టమనిపించింది. ఆయన బతికుంటే ఇప్పుడే పోయి చెయ్యి పట్టుకునేవాణ్ని. ఆ అవకాశం లేదు.

కళ్లు తుడుచుకుని ఆమె లేచింది. ఫ్రిజ్ తెరిచి కవర్లో చుట్టిన ఎలుకను ఒకటి తీసింది. "ఆయన చేసి పెట్టినయి ఇంకా ఉన్నయి. గివి అయిపోయినంక నేనే చెయ్యాలె," అంది. నీళ్లు కాచింది. ఎలుకను కరగనిచ్చి, ముంచి, మణికట్టుకు ఆనించి చూసింది. చల్లగా ఉందని మళ్లీ ముంచింది. పట్కారు పట్టుకుని డబ్బా ముందు కూర్చుంది. చెయ్యి వణుకుతుంటే ఎలుక దానంతట అదే కదిలింది. పాము చాలాసేపు ఊరుకుంది. ఆమె పట్కారు దించలేదు. చెయ్యి మార్చుకుంది, మళ్లీ పట్టుకుంది. నేను గడప దగ్గర నిలబడ్డాను. చివరికి పాము తల ఎత్తింది, నాలుక ఆడించింది, పట్టుకుంది.

ఆమె చూపు తిప్పుకోలేదు. ఎలుక తోక కొస కూడా లోపలికి పోయి, పాము మూతి మూసుకునేదాకా అక్కడి నుంచి లేవలేదు.